రుచి చూసే చెంచా

అత్తగారు రెండోసారి కక్కినప్పుడు అందులో ఎర్రటి చార కనిపించింది. కోడలి పైప్రాణాలు పైనే పోయాయి.

"అత్తయ్యా! అత్తయ్యా, ఇటు చూడండి!"

అత్తగారు చూడలేదు. స్నానాలగది గోడకి జారగిలబడి, పొట్ట పట్టుకుని కూర్చుండిపోయింది. మొహంలో నెత్తుటిచుక్క లేదు. చెయ్యి పట్టుకుంటే మంచుముక్క, పైన బొటబొటా చెమట. ఇందాకే కదా ఈ మనిషి శుభ్రంగా భోంచేసింది! పెరట్లో కాదు, బాల్కనీలో ఈ ఏడు కాసిన తొలి సొరకాయ. ఆ కూర ఎన్నడూ లేనిది మారు వడ్డించుకుని మరీ తింది. "ఇంకాస్త ఉందటే?" అని అడిగితే, కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండానే కోడలు "ఉన్నదంతా మీదే" అంది. అని, లోపల్లోపల తెగ మురిసిపోయింది కూడా. తోట గోల అన్న నోరే గిన్నె ఊడ్చేసింది, చూశావా, అనుకుంది.

ఆ మురిపెం వెనక ముందురోజు గొడవ ఉంది. అది చెబితేగాని సంగతి అర్థం కాదు.

కోడలి నాలుకకి రుచి తెలియదు. ఒకప్పుడు తెలిసేది. రెండేళ్ళ కిందట వచ్చిన జ్వరం పోతూపోతూ రుచినీ వాసననీ వెంటబెట్టుకుపోయింది. అప్పట్నుంచీ ఆవిడకి ఉప్పూ పంచదారా ఒకటే. అందుకని కూర దించేముందు ఓ చెంచాడు తీసి, ఊదుకుంటూ తెచ్చి అత్తగారికి ఇస్తుంది. అత్తగారు కళ్ళు మూసుకుని చప్పరించి తీర్పు చెబుతుంది. "ఉప్పు చాల్లేదు." "ఇంత కారమా? ఎవర్ని చంపుదామని?" ఎప్పుడూ ఏదో ఒక వంక. బాగుంది అన్న మాట ఆ నోట వినాలని కోడలికి ఎంత ఆశో! ఒక్కసారీ వినలేదు.

ఇక తోట. తోట అంటే పెద్దగా ఊహించుకోకండి. మూడో అంతస్తు బాల్కనీ. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి. అందులోనే రంగు డబ్బాల్లో టమాటాలు, పగిలిన బకెట్లో పాలకూర, పాత వాషింగ్ మెషీన్ డ్రమ్ములో సొరపాదు. డ్రమ్ముకి పుట్టుకతోనే చిల్లులున్నాయి కాబట్టి నీళ్ళు నిలవవని కోడలి తెలివి. కుట్టుపనిలో మిగిలిన గుడ్డపీలికలన్నీ ముడేసి తీగకి పందిరి కట్టింది. అంత ఎత్తుకి తేనెటీగలు రావు కదా, ఆ పని కూడా ఆవిడదే. సాయంత్రం పువ్వులు విచ్చుకోగానే మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, ఆడపువ్వుకి మెత్తగా అద్దుతుంది. అద్దకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. లారీ తోలే మొగుడు ఇంటికొచ్చినప్పుడల్లా "పెళ్ళిళ్ళ పేరయ్యగారూ, ఇవాళ ఎన్ని కుదిర్చారు?" అని ఏడిపిస్తాడు.

ముందురోజు సాయంత్రం డ్రమ్ములోంచి కారిన నీళ్ళకి అత్తగారి కాలు జర్రున జారింది. కమ్మీ దొరికింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నడుం విరిగేది. ఆ భయంలో నోరు జారింది. "నోటికి రుచే తెలియనిదానివి, నీకెందుకే ఈ తోట గోల?"

అన్నాక ఆవిడ మొహం కూడా వాడిపోయింది. కానీ కోడలు ఆ మొహం చూడలేదు. మాట మాత్రం గుండెల్లో దిగబడింది. పొద్దున్నే తొలికాయ కోసి కూర వండింది. పిచ్చుక అని ముద్దుగా పిలుచుకునే రెండో తరగతి కూతురికి అన్నం పక్కన అదే పెట్టి డబ్బా సర్దింది. అత్తగారికి చెంచా మాత్రం ఇవ్వలేదు. పౌరుషం మరి! కూర దగ్గరా పౌరుషం? ఏం చెబుతాం.

ఇప్పుడా పౌరుషం ఏ మూలకి పోయిందో! ఫోనులో అంబులెన్సు వాళ్ళకి ఇంటి గుర్తులు చెబుతుంటే నాలుక మడతపడిపోతోంది. ఆ కేకలకి పక్కవాటాలోంచి బొమ్మలావిడ పరిగెత్తుకొచ్చింది. తన వాటాలో పెంచిన సొరబుర్రలు ఎండబెట్టి, వాటి మీద బొమ్మలేసి, దీపాలుగా అమ్మే మనిషి; చేతులకి ఎప్పుడూ రంగే. వస్తూనే అత్తగారి తల తన భుజానికి ఆనించుకుంది.

"ఏం తిన్నారు?"

"సొరకాయేనక్కా. మన బాల్కనీదే. మందుల్లేవు, మాకుల్లేవు..."

"కాయ ఏమైనా మిగిలిందా?"

వంటగట్టు మీద తొడిమవైపు ముక్క ఒకటి ఉంది. బొమ్మలావిడ దాన్ని నాలుకకి ఇలా తగిలించిందో లేదో, థూ అని ఉమ్మేసి కుళాయి కిందకి నోరు పెట్టింది.

"విషం చేదే ఇది! నీకు తెలియ..." అని ఆగిపోయింది. కోడలికి ఎలా తెలుస్తుంది? "ఈ గింజ ఎక్కడిది?"

"మనదే. నిరుటి కాయది."

"నిరుడు మగపువ్వు లేదని నా దగ్గర కోసుకెళ్ళావే, ఆ కాయదా?"

కోడలు తలూపింది.

"అయ్యో నా తల్లీ! నావి బొమ్మల కాయలే. చచ్చినా నోట పెట్టకూడదు. ఆ పుప్పొడి పడ్డ కాయ మంచిదే అయినా దాని గింజల్లోకి ఆ చేదు దిగుతుంది. గింజలు దాస్తావని నేనేమైనా కలగన్నానా?" ఆవిడకీ ఏడుపొచ్చేసింది. "ఇంకెవరు తిన్నారు? నువ్వు?"

"నాకు మిగల్లేదు. రొట్టె తిన్నాను." అప్పుడు గుర్తొచ్చింది. "పిచ్చుక!"

గోడగడియారం వైపు చూసింది. బడిలో అన్నం గంట కొట్టే వేళ. ఫోను చేస్తే మోగుతోంది, మోగుతోంది, ఎత్తే దిక్కు లేదు. అత్తగారు మళ్ళీ మెలికలు తిరుగుతోంది. కోడలు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. అటు వెళ్తే ఈవిడ పోతుందేమో. ఇటు ఉంటే పిల్ల.

"నిలబడిపోయావేమే! అమ్మని నేను చూసుకుంటా, పెద్దాసుపత్రికి తీసుకెళ్తా. పో!" అని బొమ్మలావిడ అరిచింది.

మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలియదు. కాళ్ళకి చెప్పుల్లేవు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. ఎవరో స్కూటరు వాడు కళ్ళు కనబడవా అని తిట్టాడు. ముసలావిడ, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషే అలా అయిపోతే గుప్పెడంత పిల్ల ఏమైపోతుంది? చేదంటే ఉమ్మేస్తుందిలే. ఉమ్మేస్తుందా? నిన్న రాత్రి తనే కదా పిల్లని కూర్చోబెట్టి చెప్పింది, "అమ్మ పెంచిన కాయ, ఒక్క ముక్క వదిలినా ఊరుకోను" అని. అది అమ్మ మాట జవదాటని పిల్లాయె. ఒక్కరోజు, ఈ ఒక్కరోజు అది మొండికేసి ఉంటే బాగుండునని ఏడుస్తూ పరిగెత్తింది.

బడి గేటు దగ్గర కాపలాదారు ఆపబోయాడు గానీ ఆ వాలకం చూసి పక్కకి తప్పుకున్నాడు. వరండాలో పిల్లలు బారుగా కూర్చుని తింటున్నారు. చివర్లో పిచ్చుక డబ్బా మూత పెడుతోంది. కోడలు లాక్కుని తెరిచింది. ఖాళీ. అడుగు కూడా నాకేసినట్టు మెరుస్తోంది.

"తినేశావా? అంతా తినేశావా?"

"ఆఁ" అంది పిచ్చుక గర్వంగా. "నువ్వే కదా వదలొద్దన్నావు."

కోడలు డబ్బా పక్కన పడేసింది. పిల్లని దగ్గరికి లాక్కుని నోట్లో వేలు పెట్టి కక్కించబోయింది. పిల్ల గింజుకుని ఏడుపు లంకించుకుంది.

"చేదుగా లేదుటే? చేదుగా ఉన్నా ఎందుకు తిన్నావే?"

"చేదెందుకుంటుంది? జామే కదా!"

"ఏం జాము?"

పిచ్చుక ముక్కు తుడుచుకుని అటూ ఇటూ చూసింది. "రొట్టె, జామూ. నువ్వు స్నానం చేస్తుంటే నానమ్మ మార్చింది. నా డబ్బాలో కూర కొంచెం నోట్లో వేసుకుంది. మూతి ఇలా పెట్టింది. మళ్ళీ గిన్నెలో పోసేసింది. అమ్మకి చెప్పకు, బాధపడుతుందంది. నేను చెప్పేశాను. నానమ్మ తిడుతుందా?"

కోడలు వరండాలోనే చతికిలబడింది. పిల్ల దక్కిందన్న ఊపిరి పూర్తిగా బయటికి రాకముందే ఇంకో మాట తట్టింది. అంటే ఆవిడకి తెలుసు. తెలిసే తింది. పిల్ల వంతు, కోడలి వంతు, తన వంతు, అంతా కూర్చుని తింది.

పిల్లని వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి చేరేసరికి అత్తగారి రెండు చేతులకీ సెలైన్ సీసాలున్నాయి. డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది గానీ ఒక్క ముక్కా ధైర్యమిచ్చేది లేదు. దీనికి విరుగుడంటూ లేదట. రక్తపోటు బాగా పడిపోయిందట. నీళ్ళు ఎక్కిస్తూ కాచుకుని ఉండాలి, తట్టుకుంటే గండం గడిచినట్టే అంది. తట్టుకోకపోతే అని కోడలు అడగలేదు. మొగుడికి ఫోను కలిసింది. లారీ మళ్ళిస్తున్నానన్నాడు, ఎంత త్వరగా వచ్చినా రేపటికిగాని రాలేడు. "అమ్మ ఏం తింది?" అని అడిగాడు. నేను పెట్టింది, అనాలి. ఫోను బొమ్మలావిడకి ఇచ్చేసింది.

పిచ్చుకని బొమ్మలావిడ ఇంటికి తీసుకెళ్ళింది. కోడలు బయట బల్ల మీద కూర్చుంది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడింది. ఎవరూ తనకోసం రాలేదు. ఎవరూ రాకపోవడమే మంచిదనిపించింది, వస్తే ఏం చెబుతారో. కొలతల టేపుని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. ఆవిడకి ఇలా కాకముందు తను అన్న చివరి మాట "ఉన్నదంతా మీదే". అదే చివరి మాటైపోతే? ఆ తర్వాత ఈ చేతుల్తో అన్నం ఎలా కలుపుతుంది, పిల్ల నోటికి ముద్ద ఎలా పెడుతుంది? మొగుడి మొహం ఎలా చూస్తుంది? ఒక్క చెంచా. ఊదుకుంటూ తీసుకెళ్ళి ఇచ్చేందుకు ఎంత సేపు పడుతుంది కనుక!

తెల్లవారాక నర్సు వచ్చి, గండం దాటింది, జావ పట్టొచ్చు అంది. కోడలు నమ్మకం కుదరక రెండుసార్లు అడిగింది. జావ గిన్నె పట్టుకుని మంచం పక్కకి వెళ్ళింది. అత్తగారు దుప్పటిలో సగమైపోయింది. కళ్ళు తెరిచి చూసి, "పిచ్చుక బడికెళ్ళిందా?" అంది.

"వెళ్ళింది. డబ్బా సంగతి చెప్పేసింది."

"దాని నోట్లో నువ్వుగింజ నానదు."

"చేదని తెలిసి ఎందుకు తిన్నారత్తయ్యా?"

అత్తగారు మొహం ఇటు తిప్పింది. గొంతు బొంగురుపోయింది, మాట కూడబలుక్కుంటోంది. "పారేస్తే చెత్తబుట్టలో నీకు కనబడదూ? అసలే ముందురోజు అనరాని మాటన్నాను. మళ్ళీ నీ తొలికాయ చేదంటే, ఆ తీగ పీకి పారేసి ఏడుస్తావు. చేదేం చేస్తుందిలే, ఓ పూట మింగేస్తే పోతుందనుకున్నాను."

"ఒక్కమాట చెబితే సరిపోయేది కదా!"

"చెంచా ఇస్తే చెప్పేదాన్నే."

నిష్ఠూరం లేదు ఆ మాటలో. ఉన్నమాట అన్నట్టుగానే అంది. కోడలికి మాత్రం లోపల ఏదో తెగినట్టయింది. జావలో చెంచా ముంచింది. ఊదింది. తొందరలో సగం దుప్పటి మీద ఒలికింది. మిగిలిన సగం అత్తగారి పెదాలకి అందించి, ఊపిరి బిగబట్టి ఆ మొహమే చూస్తూ నిలబడింది.

అత్తగారు కళ్ళు మూసుకుంది. చప్పరించింది.

"ఉప్పు చాల్లేదు."

కోడలు ఘొల్లున ఏడ్చింది. ఏం కొంప మునిగిందోనని నర్సు పరిగెత్తుకొచ్చింది.