ప్రహరీ గోడ మీది ఫ్యాను

నేను ఒక టేబుల్ ఫ్యానును. ఒకచోట చూపు నిలపడం నాకు చేతకాదు. ఎడమ చివర నుంచి కుడి చివరకు, మళ్లీ కుడి నుంచి ఎడమకు తల తిప్పుతూనే ఉంటాను. అందుకే మనుషుల సంగతులన్నీ నాకు సగం సగమే తెలుసు. ఇటు తిరిగినప్పుడు ఒకామె నవ్వడం మొదలుపెడుతుంది. మళ్లీ వచ్చేసరికి కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో నన్ను అడగకండి.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో నాకు మూడు రెక్కలు, వాటి చుట్టూ తీగల బుట్ట, వీపు మీద ఒక గుండీ బిగించారు. గుండీ నొక్కితే తల తిరుగుతుంది, పైకి లాగితే ఆగుతుంది. ఆగడమనేది ఒకప్పుడు నాకూ ఉండేదన్నమాట. కాకినాడలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు నన్ను కొన్నారు. నేను తల తిప్పిన వైపల్లా కాగితాలు లేచేవి. ఆ వరసలోని పిల్లలు టైపు ఆపి అరచేతులతో వాటిని అదిమేవారు, నేను అటు వెళ్లగానే మళ్లీ టకటక. మాస్టారికి విసుగెత్తి ఒకరోజు గుండీని గట్టిగా లాగారు. అది ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది. నన్ను ఆపాలనుకున్న మనిషే నాకు ఆగడం లేకుండా చేశాడు. మనుషుల పనులు చాలావరకు ఇలాగే ఉంటాయి.

ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక పాతసామాన్ల కొట్లో దుమ్ము పట్టి కూర్చున్న నన్ను దివాకర్ ఇంటికి తెచ్చాడు. కొత్తగా పెళ్లయినవాడు. అతని భార్య నీలవేణి నా చుట్టూ తిరిగి చూసింది.

"ఇది ఆగదాండీ?"

"ఆగదు. అందుకే చవగ్గా ఇచ్చాడు."

"పోనీలెండి, ఇద్దరికీ గాలి తగులుతుంది."

ఆ మాటకు ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. నేను తల తిప్పుకున్నాను. ఆ ఒక్క విషయంలో నా అలవాటు మంచిదే.

ఆ ఇంటిని నీలవేణి పట్టుబట్టి అద్దెకు తీసుకుంది. పెరటి ప్రహరీ గోడకు అవతలే ఆమె స్నేహితురాలు మృదుల ఇల్లు. డిగ్రీలో ఇద్దరిదీ ఒకే బెంచీ. నీలవేణి పెళ్లిలో పూలజడ కుట్టించడం దగ్గర్నుంచి అప్పగింతలప్పుడు చేతిరుమాలు అందించడం దాకా అన్నీ మృదులే చూసుకుంది. ఇప్పుడు మృదులకు పెళ్లి కుదిరింది. పెళ్లవగానే భిలాయి వెళ్లిపోతుంది. అందుకని వెళ్లేలోపు ఒక్క మధ్యాహ్నం, తన పెరట్లో, కాలేజీ స్నేహితురాళ్లందరి మధ్యా మృదులను కూర్చోబెట్టి బ్రైడల్ షవర్ చేయాలని నీలవేణి పంతం. బయటి నుంచి ఏదీ అద్దెకు తేకూడదు, ఇంట్లో ఉన్నవాటితోనే కానివ్వాలి. పాత చీరలు తెరలయ్యాయి. బంతిపూలు మేనమామ తోట నుంచి వచ్చాయి. స్టీలు బిందెలో నన్నారి షర్బత్, పళ్లెంలో పునుగులు, గాలికి పెరటి గుమ్మంలో నేను. నెల రోజులుగా ఆ పిల్ల నిల్చున్నచోట నిలవలేదు. జామచెట్టు కింద వేసిన కుర్చీని గోడ పక్కకు, గోడ పక్కది మళ్లీ జామచెట్టు కిందకు. నాకు తగిన మనిషి.

అందరికీ సెలవు కుదిరిందని శనివారం ఖాయం చేసింది. ఆ ఉదయమే మృదులను పెళ్లికూతుర్ని చేస్తున్నారని తెలిసి ఇంకా సంతోషించింది. బుగ్గన చుక్కతో, కొత్త చీరతో వచ్చి కూర్చుంటుంది కదా. పెళ్లికూతుర్ని చేశాక గడప దాటనివ్వరన్న సంగతి మాత్రం తట్టలేదు. రెండు నెలల కిందట తనను పెళ్లికూతుర్ని చేసినప్పుడు వీధి అరుగు మీదకు వచ్చినందుకు తనే తల్లి చేత తిట్లు తిన్నది. పెళ్లయ్యాక మనుషులు అవన్నీ ఎంత తొందరగా మరిచిపోతారో.

స్నేహితురాళ్లంతా వచ్చి కూర్చున్నాక గోడ అవతల మృదుల మేనత్త కామాక్షమ్మ తల కనిపించింది.

"అమ్మాయ్ నీలవేణీ, మా పిల్ల రాదే. పొద్దున్న పెళ్లికూతుర్ని చేసేశాం."

"పక్కిల్లే కదా అత్తయ్యగారూ."

"పక్కిల్లయితే మాత్రం గడప గడప కాదేవిటి? నీకు తెలీదూ? మొన్ననేగా నీ పెళ్లయ్యింది."

నేను అటు తిరిగాను. మళ్లీ ఇటు వచ్చేసరికి నీలవేణి పెళ్లికూతురి కోసం అలంకరించిన కుర్చీలో తనే కూలబడి ఉంది. చేతిలో బంతిదండ. ఎవరూ పునుగుల వంక చూడడం లేదు.

అప్పుడు అవతలి పెరటి గుమ్మంలోంచి మృదుల గొంతు వినబడింది.

"అత్తా, పొద్దున్న మంగళస్నానం ఎక్కడ చేయించారు?"

"ఎక్కడేవిటే, పెరట్లో."

"మరి ఈ పెరటి గుమ్మానికి గడప లేదా?"

"ఒళ్లంతా నూనె పెట్టుకుని నట్టింట్లో స్నానం చేస్తారటే ఎవరైనా?"

"అంటే పెరడు దాకా రావచ్చన్నమాట."

కామాక్షమ్మ వెనక్కి తిరిగి ఆ గడప వంక చూసింది. "పెరడు దాకానే," అంది చివరికి. "ప్రహరీ దాటావంటే చూడు."

అంతే, ఇవతలి పెరడంతా లేచింది. కుర్చీలు గోడ దగ్గరకు పరిగెత్తాయి. చీరల తెరలు గోడ మీదుగా అటు సగం, ఇటు సగం వేలాడాయి. మగవాళ్లు రాకూడదని వీధిలోకి తరిమిన దివాకర్‌ను మళ్లీ పిలిచారు. అతను ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చి నన్ను గోడ మీదకు ఎక్కించాడు, కింద పడకుండా భార్య చున్నీతో జామకొమ్మకు కట్టాడు.

అంత ఎత్తున నేనెప్పుడూ లేను. ఎడమకు తిరిగితే స్నేహితురాళ్లు, కుడికి తిరిగితే పెళ్లికూతురు. గోడ మీదుగా షర్బత్ గ్లాసులు అటు వెళ్లేవి, ఖాళీవి ఇటు వచ్చేవి. కాలేజీలో మృదుల చేసిన అల్లరి ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెబుతుంటే, కామాక్షమ్మ విననట్టు కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"పిల్లకు చెమట పోస్తోంది, ఆ ఫ్యాను ఇటు ఆపండే," అంది.

"అది ఎవరి మాటా వినదండి," అంది నీలవేణి.

"మీ ఆయన తెచ్చిందేగా?"

"మా ఆయన వింటారండి."

కామాక్షమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వు మొదలైనప్పుడు నేను అటే ఉన్నాను, అదృష్టం.

పొద్దు వాలుతుంటే నీలవేణి గోడ మీదుగా మృదుల చేతులకు గాజులు తొడిగింది.

"భిలాయిలో గోడ అవతల ఎవరుంటారోనే," అంది మృదుల.

"ఎవరున్నా సరే. ముందు నువ్వే పిలువు."

నేను తల తిప్పాను. ఈసారి మర్యాద కోసం కాదు, నాకు వేరే దారి లేక. మళ్లీ వచ్చేసరికి నాలుగు చేతులు కలిసిపోయి ఉన్నాయి. ఏ గాజులు ఎవరివో తెలియలేదు.

మృదుల వెళ్లిపోయింది. మొన్న దివాకర్ ఎక్కడో నా గుండీ లాంటిదొకటి వెతికి తెచ్చాడు. "బిగిస్తే ఎటు కావాలంటే అటు ఆగుతుంది," అన్నాడు. నీలవేణి దాన్ని తీసుకుని అలమరలో దాచింది. సాయంత్రాలు అవతలి నుంచి కామాక్షమ్మే పిలుస్తుంది, "ఆ ఫ్యాను కాస్త గోడెక్కించవే," అని. మేనకోడలు లేని ఇంట్లో ఆవిడకూ గాలాడదు కాబోలు.

నిన్న అలాగే కూర్చున్నప్పుడు ఫోను మోగింది. నీలవేణి దాన్ని స్పీకరులో పెట్టి నా పక్కన గోడ మీద ఉంచింది.

"ఆ చప్పుడేవిటే?" మృదుల గొంతు.

"మన ఫ్యానే."

"ఇప్పుడెటు తిరిగింది?"

"నీ వైపే," అంది నీలవేణి.

నిజానికి నేనప్పుడు ఇవతలే ఉన్నాను. కొంచెం తొందరగా తిరిగాను.