ఆరని అతుకు

ఆ రోజు ఎఫ్రాయిన్ బాబాయి ఇంట్లో నలుగురున్నారు. వలఊయలలో బాబాయి, పొయ్యి దగ్గర అరటికాయలు దంచుతూ హసింతా పిన్ని, గుమ్మం పక్కన జపమాల తిప్పుతూ నాయనమ్మ సోయిలా, ఆవిడ కాళ్ల దగ్గర నార్సీసా. తల్లి లేని పిల్ల. తండ్రి ఉబాల్దో చేపల వేటకెళ్తే ఇక్కడే ఉంటుంది. ఉబాల్దో, పిన్ని పెద్దకొడుకు ఇతాలో నిన్న తెల్లవారుజామున ఫైబర్ పడవలో వెళ్లారు. రాత్రికే రావలసినవాళ్లు. మధ్యాహ్నమైనా జాడ లేదు.

"ఒక్కసారి వెళ్లి చూసి రారాదూ?" అంది పిన్ని.

"ఏం చూడాలే? చేప తగిలుంటుంది. రెండో పొద్దు గుంకకముందే వెతకడానికెళ్తే, నన్ను పసివాణ్ణి చేశావురా అని అన్నయ్య ఊరంతా చెప్పుకు తిడతాడు."

ఆ రేవులో మగాళ్ల పట్టింపు అది.

పోయిన వారం పడవ ముక్కు రాయికి తగిలి పగిలింది. ముక్కు లోపలి ఇరుకులో నార్సీసా చెయ్యే దూరుతుంది కాబట్టి అతుకు పని ఆమెదే. మొదటి రోజు ఎండ మండిపోతోంది. రెసిన్ జిగురులో దాన్ని గట్టిపరిచే మందు పోయగానే డబ్బాలోనే పొగలొచ్చి రాయైంది. "గాడిదా, అంత పోస్తారా?" అని తండ్రి కసిరాడు. మర్నాడు తుంపర, చలి. ఆ రోజే మందు ఎక్కువ కావాలి. కానీ తిట్లకి భయపడి సగం మూతే పోసింది. గాజుపీచు గుడ్డ పరిచి, రెసిన్ పూసి, సాయంత్రం ముట్టుకుంటే వేలికి అంటుకుంది. మళ్లీ తిడతాడని జిగురు మీద టాల్కం పౌడరు రుద్ది, నీలంరంగు వేసేసింది. తండ్రి అరచెయ్యి ఆనించి "నున్నగా కుదిరింది, శభాష్" అన్నాడు.

"బాబాయ్..."

"ఓహో, ఈ పిల్ల నోరు తెరిచింది! అమ్మా, ఆరేసిన బట్టలు లోపలికి తే, వాన ఖాయం."

నాయనమ్మ నవ్వింది.

"అతుకు ఆరలేదు బాబాయ్."

"ఏ అతుకు?"

"పడవ ముక్కుది. నేను వేసింది. మందు సగమే పోశాను. పౌడరు రాసి రంగేశాను. అలలకి ఊడిపోతుంది."

బాబాయి ఊయల్లోంచి దూకాడు. చొక్కా కూడా వేసుకోలేదు. పెట్రోలు డబ్బా అందుకుని, పక్కింటివాళ్లని కేకలేస్తూ రేవుకి పరుగెత్తాడు. నార్సీసా వెంటపడింది. "నేనూ వస్తా!"

"తప్పుకో!"

బాబాయి పడవ అలలు దాటి కనుమరుగయ్యేదాకా ఒడ్డునే నిలబడి, తిరిగొచ్చింది. పిన్ని గుమ్మానికి అడ్డంగా ఉంది. చేతులకింకా అరటికాయ ముద్ద.

"పిన్నీ, చెబుదామనే అనుకున్నా..."

"నిన్న వాళ్లు పడవెక్కేటప్పుడు ఒడ్డునే ఉన్నావుగా. మావాడికి చెయ్యి ఊపావు కూడా."



"లోపలికి రానీవే, చిన్నపిల్ల," అంది లోపల్నించి నాయనమ్మ.

పిన్ని నార్సీసా కళ్లలోకే చూస్తూ తలుపు వేసేసింది.