ఊయలలో పడిన గగనయంత్రము

పుష్యమాసపు మంచుతెర విడివడి బాలభాస్కరుని లేతకిరణములు పాలుపోసికొన్న జొన్నకంకులపై పసిడిపూత పూయుచున్న ప్రాతఃకాలమున, మిరపచేనికి మందు చల్లుచుండగా చేతి యదుపు తప్పి గిరగిర తిరుగుచు కూలిన తన డ్రోనును వెదకుచు గట్ల వెంబడి పరుగెత్తి వచ్చిన నాగశేషమ్మకు, ఆ యంత్రము తుమ్మకొమ్మకు వ్రేలాడు పసిబిడ్డ ఊయలలో తలక్రిందులై పొగలు గ్రక్కుచు కానవచ్చెను.

ఊయలగుడ్డనుండి పురుగుమందు బొట్లుబొట్లుగా నేలకు జారుచుండెను. ఆమె గుండె రాయి చేసికొని గుడ్డయంచు లాగి చూడగా పగిలిన మందుతొట్టియు విఱిగిన రెక్కలును తప్ప లోపల మఱేమియు లేకుండెను. ఆ క్షణముననే చెట్టునకు ఆవలిప్రక్కనుండి పసిదాని కేరింత వినవచ్చెను. తల్లి సుంకులమ్మ పాలిచ్చుటకై అంతకు ముందే బిడ్డను తీసికొని యెండపొడకు పోయి కూర్చుండెను.

"దగ్గరికి రావద్దు వదినా. బ్యాటరీ కాల్తాంది. బిడ్డను తీస్కొని ఆ గట్టు మీదికి పో" అని పలికి నాగశేషమ్మ మోకాళ్లపై కూలబడి దోసిళ్లతో మట్టి యెత్తిపోసి ఆ పొగను అడచెను.

చూచుచుండగనే ఇరుగుపొరుగు చేలవారు మూగిరి. వారిని త్రోసికొనుచు బిడ్డతండ్రియగు తిక్కస్వామి ముందునకు వచ్చెను.

"ఏం నాగశేషమ్మా, విమానం నడపను నేర్చినానని ఊరంతా చెప్పుకొంటివి గదా. దిగేకి నీకు నా బిడ్డ ఊయలే దొరికిందా?"

"నేను దింపలేదన్నా. పైన టప్‌మనింది. ఆ మీదట చేతికి రాలే."

"పైన కొట్టేది ఎవరు? గద్ద తన్నిందా?"

కొందఱు నవ్విరి. నాగశేషమ్మ నవ్వలేదు. మహిళాసంఘమువారు తమలో నొకతెయని ఏరికోరి శిక్షణకు పంపగా ఆమె సంపాదించుకొన్నది డ్రోను నడపు అనుమతిపత్రము. తప్పు తనదని తేలిన యెడల ఆ పత్రముతో పాటు ఇల్లు గడచు దారియు మూసికొనిపోవునని ఆమె యెఱుగును.

కబురందుకొని ఎస్సై మహబూబ్ బాషా వచ్చెను. అతడు ముందుగా ప్రక్కనున్న తిక్కస్వామి జొన్నచేనిలోనికి పోయి కొంతసేపు కంకుల నడుమ తిరిగి, విఱిగిన రెక్కతునక నొకదానిని చేతబట్టుకొని మరలి వచ్చెను.

"ఇది మీ మంచెకు దగ్గర్లోనే పడుంది స్వామీ. మిషనేమో ఇంత దూరంలో పడింది. అంటే గాల్లో ఉండగానే రెక్క విరిగింది. తనంతట తాను విరిగిందా, ఎవరన్నా కొడితే విరిగిందా? మంచె మీద ఎవరుండిరి?"

"మా నాయన సార్. ఆయన పిట్టలకు తప్ప దేనికీ వడిసెల తిప్పి రాయి విసరడు."

ఎస్సై గుంపు నంతయు నొకపరి కలయజూచెను.

"అందరూ వినండి. ఇది ఆటబొమ్మ కాదు. చట్టం లెక్కలో ఇదీ విమానమే. మన చేని మీద ఎగిరినా సరే, కొట్టి పడేసే హక్కు మనకు లేదు. ఇబ్బందైతే మాకు చెప్పాల. కొడితే కేసవుతాది, జైలు గూడ. ఎవరూ నోరిప్పకపోతే అనుమానం ఈయమ్మ మీదే ఉంటాది. విచారణ అయ్యేదాక ఈమె డ్రోను ముట్టకూడదు. ఏమ్మా, నీకెవరి మీదనన్నా అనుమానముందా?"

ఆ వేళ నాగశేషమ్మ చూపు మంచె దిగి వచ్చి గట్టుపై నిలుచున్న మద్దిలేటిపై, అనగా తిక్కస్వామి తండ్రిపై, నిలిచియుండెను. తల్లిచంకనున్న పసిది తాతను చూచి రెండు చేతులును చాచి ఉబలాటపడుచుండెను. ఏ పూట చూచినను ఆ బిడ్డను భుజమునుండి దింపని ముదుసలి అప్పుడు మాత్రము రెండడుగులు వెనుకకు వేసెను. ఆమెకు సర్వము బోధపడెను. అతని పేరు నాలుక చివరకు వచ్చెను. కాని చేతులు చాచి పిలుచుచున్న పసిదాని యెదుట తాతను పట్టియిచ్చుటకు మనసొప్పదయ్యెను.

"ఉంది సార్. కానీ కంటితో చూడంది చెప్పను" అనెను.

ఆ మాట విని ముదుసలి తల యెత్తెను. గట్టు దిగి మెల్లగా వచ్చి నడుమునకు చుట్టుకొన్న వడిసెలను విప్పి ఎస్సై యరచేతిలో నుంచెను. నాగశేషమ్మ వక్షమునుండి బండరాయి దొర్లినట్లయ్యెను. మద్దిలేటి ముఖమునను అట్టి తేటదనమే తోచెను.

"నేనే కొట్టినా సార్. ఈ మిషను మోతకు మిరపచేనికాడి చిలకలన్నీ లేచి నా జొన్న మీద వాలె. ఒగ పక్క తోల్తే ఇంగో పక్క దిగె. కోపమొచ్చింది. పిట్టను కొట్టినట్లే కొట్టినా. తగిల్తే మీసం గూడ దువ్వినా, అబద్ధమెందుకు. పిట్టయితే చేన్లోనే పడ్తాది సార్. ఇది యాడ పడ్తాదో కొట్టేటప్పుడు నాకు తట్టలే. తల తిప్పి చూస్తి గదా, పోయి పోయి నా మనవరాలి ఊయల్లో పడె. అప్పట్నుంచి ఆ బిడ్డను ముట్టుకుందామంటే చెయ్యి రాలే. నాగశేషమ్మా, నీ తప్పేం లేదు తల్లీ. నువ్వు నా పేరు చెప్పకపోతివి చూడు, ఇంగ దాచుకుంటే నేను మనిషినే కాదు. ఏ కేసన్నా రాసుకోండి సార్, నాకిప్పుడు నెమ్మదిగా ఉంది. బిడ్డను ఒగసారి ఎత్తుకొని వస్తా, పోదాం. చేని కావిలి మా తిక్కస్వామి చూసుకుంటాడు. వానికి మాత్రం ఆ వడిసెల ఇయ్యొద్దండి. పగిలిన రేకు డబ్బా ఒగటి ఇయ్యండి, పిట్టలు లేసేటట్ల కొట్టుకుంటా కూచుంటాడు."