దర్జీగారి రక్తపోటు

పక్షవాతం ఎవరికి వచ్చే ప్రమాదముందో ముందే కనిపెట్టే పరిశోధనలో కూతురు పనిచేస్తోంది. రోజంతా రక్తపోటు కొలిచే పట్టీని దర్జీ తండ్రి చేతికి తానే కట్టి వెళ్లింది. మర్నాడు అందులోని అంకెలు చూసి తెల్లబోయింది. తరచూ తల తిరుగుతోందనే మనిషికి ఇంత చక్కటి రక్తపోటా?

"నాన్నా, పట్టీ తీసేశావా?"

ఆయన తల వంచుకుని గుడ్డ కత్తిరిస్తున్నాడు. తల్లి మాత్రం ఊరుకోలేదు. "మీ బాబాయికి కట్టారే! ఆ మహానుభావుడు రోజంతా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు."

"నీ పరిశోధన పాడవకూడదని కదమ్మా," అన్నాడు తండ్రి. "వాడు గుండ్రాయిలా ఉంటాడు. మంచి మార్కులొస్తాయనుకున్నాను."

కూతురికి నవ్వొచ్చింది, ఆ వెంటే పట్టీని మళ్లీ చేతిలోకి తీసుకుంది. "బాబాయి పాసయ్యాడులే. నీకేమైనా అయితే ఆ మార్కులు నేనేం చేసుకోను?"

తండ్రి కత్తెర పక్కన పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.