వెండిరంగు పొయ్యి

గ్యాస్ బండ రాక వారం దాటింది. ఫోన్ చేసినప్పుడల్లా "రేపొస్తది" అనడమే గాని ఆ బండి బొంతపల్లి మొహం చూడలేదు. వీధిలో అద్దె గదుల్లో ఉండే ఒడిశా, బీహార్ కూలీలకు సునంద వంటే ఆధారం. పొద్దున్నే ఆమె దగ్గర డబ్బాలు తీసుకుని ఫ్యాక్టరీ బస్సెక్కుతారు. కట్టెలతో నెట్టుకొద్దామంటే వానకు అన్నీ నానిపోయాయి.

అప్పుడు ఆమె భర్త దశరథ్ ట్రాలీ ఆటోలో ఒక ఇనుప పొయ్యి తెచ్చి దింపాడు. మూతపడిన ఏదో క్యాంటీన్‌దట. జిన్నారం దగ్గర పాత సామాన్ల దుకాణంలో దొరికింది. బొగ్గుతో మండేది. ముందు పైనొకటి కిందొకటి చిన్న తలుపులు, నెత్తిన గుండ్రటి మూతలు, వెనక పొడవాటి పొగగొట్టం. దాన్ని పెరట్లో రేకుల కిందికి చేర్చేసరికి మోసినవాళ్ల నడుములు పడిపోయాయి. తుప్పు కనబడకుండా దశరథ్ దానికి వెండిరంగు పూశాడు.

"సూడు, పెండ్లికూతురు లెక్క ఎట్ల మెరుస్తుందో," అన్నాడు మురిసిపోతూ.

"మెరుసుడు సరే. ఎట్ల మండియ్యాల్నో అడిగినవా?"

"గందుల అడిగేదేముంది? బొగ్గు ఎయ్యాలె, అంటియ్యాలె."

మర్నాడు తెల్లవారకముందే సునంద పొయ్యి ముందు కూర్చుంది. కాగితాలు పేర్చి, వాటి మీద రాక్షసి బొగ్గు పోసి అగ్గిపుల్ల గీసింది. కాగితాలు భగ్గుమని బూడిదయ్యాయి. బొగ్గు మాత్రం నల్లగా అట్లాగే ఉంది. కొబ్బరి పీచు కుక్కి మళ్లీ వెలిగించింది. ఈసారి పొగ వచ్చింది. గొట్టంలోంచి కాదు, తలుపులోంచి సూటిగా ఆమె మొహం మీదికి. దానికి తోడు కాలుతున్న రంగు కంపు.

"ఊదు పిల్లా, గట్టిగ ఊదు," అంది మంచం మీదనుంచి అత్త ముత్యమ్మ.

ఊదితే బూడిద లేచి కళ్లల్లో పడింది. పక్కింటి ఇందిరమ్మ గోడ మీదుగా తల పెట్టింది.

"ఏందే సునందా, మా ఇంటినిండ పొగ జేసినవ్! పండుకున్నోళ్లు లేసి దగ్గుతున్నరు."

సునంద ఏదో చెప్పబోయే లోపల దశరథ్ డీజిల్ సీసా పట్టుకొచ్చాడు. "జెరంత పోస్తే జల్దీ అంటుకుంటది."

"ఇల్లు తగలవెడ్తవా? అవుతల వెట్టు దాన్ని!" సీసా గుంజుకుని దూరంగా పెట్టేసింది.

అంతలో గేటు దగ్గర పిలుపు. "దీదీ, డబ్బా?"

"ఆజ్ నహీ హువా భయ్యా," ఇవాళ వంట కాలేదని చెప్పింది సునంద. ఆ కుర్రాడు తోటివాళ్లతో కలిసి బన్ను కొనుక్కోవడానికి చాయ్ బండి వైపు నడిచాడు. ఇన్నాళ్లలో ఆమె ఎన్నడూ వాళ్లను ఖాళీ చేతులతో పంపలేదు. చేతిలోని పట్టకారును నేలకేసి కొట్టింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

పొగ గొట్టంలోంచి పోవాలి కదా, నా మొహానికెందుకొస్తున్నట్టు? అనుకుంది. లేచి గొట్టాన్ని మెడ నుంచి తడిమి చూసింది. ఒకచోట చిన్న ఇనుప పిడి తగిలింది. తిప్పబోతే కదల్లేదు. చుట్టూ రంగు గడ్డకట్టి ఉంది.

"ఇదేందయ్యా?"

"డిజైన్ అనుకున్న," అన్నాడు దశరథ్. "దానికి గూడ రెండుసార్లు రంగేసిన."

సునంద అతని వైపు చూసిన చూపుకి అతను రెండడుగులు వెనక్కి వేశాడు. కత్తితో రంగు గీకి, పచ్చడి బండతో ఒక్కటిచ్చింది. పిడి తిరిగింది. లోపల అడ్డంగా మూసుకుపోయిన రేకు కిర్రుమంటూ తెరుచుకుంది. అత్త రొట్టెలకని దాచుకున్న కట్టెబొగ్గులు తెచ్చి, రేకుల కింద తడవకుండా మిగిలిన ఎండుపుల్లల మీద ముందు అవి రాజేసింది. అవి ఎర్రబడ్డాక రాక్షసి బొగ్గు కొద్దికొద్దిగా వేసి, గాలి ఆడేలా కింది తలుపు తెరిచింది. గొట్టం గుమ్మని మోగింది. పొయ్యి అంటుకుంది.

ఇక అది తగ్గితేనా! గ్యాస్ పొయ్యికున్నట్టు తిప్పడానికి చెవి లేదు. పప్పు పొంగి పొర్లింది, అన్నం అడుగంటింది. కోపంతో కింది తలుపును కాలితో తన్ని సగం మూస్తే మంట దానంతటదే నెమ్మదించింది. పైపై అన్నం తీసి డబ్బాలు కట్టి, భోజనాల వేళకు దశరథ్‌కిచ్చి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తరిమింది.

ఖాళీ డబ్బాలతో తిరిగొచ్చి, "అందరు తిన్నరు. ఒకడు మాడు వాసనొస్తుందన్నడు," అన్నాడు.

"అనడా మరి! రేపు నువ్వే లెవ్వు. నువ్వే అంటియ్యి."

నిజంగానే మర్నాడు అతనే లేచాడు. సునంద దుప్పటిలోంచే వింటోంది. అగ్గిపుల్లలు గీసిన చప్పుడు, దగ్గు, మళ్లీ అగ్గిపుల్లలు. "సునందా, జెర రావే," అని పిలుపు. ఆమె కదల్లేదు. మళ్లీ పిలిచాడు. ముత్యమ్మ కొడుకును తిట్టడం మొదలుపెట్టాక గాని సునంద లేవలేదు.

అతని మొహం మసితో నల్లగా ఉంది. సునంద నవ్వలేదు.

"కట్టెబొగ్గు ముందు," అంటూ అతని పక్కన కూర్చుంది. "నువ్వు పుల్లలు విరువు."

ఆ పొద్దు డబ్బాలు బస్సు రాకముందే ఇంటి గేటు దగ్గరికి చేరాయి.