ఆరో ఉద్యోగం

మైనపుకత్తిని మంటకు చూపి, వేడి తగ్గేదాకా అయిదు లెక్కపెట్టి, ముందుపన్ను చుట్టూ మైనాన్ని ఆమె నునుపు చేసింది. కట్టుడుపళ్లు తయారుచేసే ఆ పనిగదిలో, ఆమె చేసిన పళ్లు పెట్టుకున్నవాళ్లు సరిచేయించుకోవడానికి మళ్లీ రారని పేరు. ఆమెకు నలభై ఆరేళ్లు. ఇది ఆరో ఉద్యోగం.

మొదటి అయిదూ పని రాక పోయినవి కావు. ప్రతిచోటా రెండున్నరేళ్లో మూడేళ్లో గొడ్డులా చాకిరీ చేస్తుంది. తర్వాత ఒక ఉదయం తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవదు. మాట పెగలదు. రాజీనామా రాసిచ్చి, నెలల తరబడి ముసుగుతన్ని పడుకుంటుంది.

"నీకు పని చెయ్యడం వచ్చు గానీ, ఉద్యోగం చెయ్యడం రాదే" అంటుంది అక్క. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే ఒళ్లు మండుతుంది.

ఈమధ్య తమ్ముడి కూతుర్ని డాక్టరుకు చూపించారు. పాపకు ఆటిజం ఉందని చెప్పి, ఇంట్లో ఇంకెవరైనా ఇలాంటివాళ్లు ఉన్నారా అని ఆవిడ అడిగింది. అందరూ ఈమె వైపే చూశారు. "పెద్దయ్యాక కూడా తెలుస్తుందట వదినా, ఒక్కసారి మీరూ చూపించుకోండి" అంది మరదలు, నొప్పించకుండా. డాక్టరు దగ్గర నాలుగు నెలల తర్వాతి తేదీ దొరికింది.

ఒళ్లు అన్నాళ్లు ఆగేలా లేదు. అందరూ కలిసి కూర్చుంటే హుషారుగా ఉంటుందని కొత్త మేనేజరు పోయిన నెల మధ్యగోడ తీయించాడు. రేడియో, ఫోన్లు, పళ్లు అరగదీసే మిషను రొద, ఎవరిదో దగ్గు. మిగతావాళ్లకు అదంతా కలిసి ఒకే సందడి. ఆమెకు మాత్రం ఏ చప్పుడుకు ఆ చప్పుడు విడిగా వచ్చి గుచ్చుకుంటుంది. ఇవాళ పొద్దున జడ సగం అల్లి, తర్వాత ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయింది. ఆ గుర్తు ఆమెకు తెలుసు. ఈసారి మాత్రం మానెయ్యకూడదు, అడగాలి అనుకుంది.

"ఏం చెల్లెమ్మా, గంట నుంచీ ఆ పన్నునే ముస్తాబు చేస్తున్నావు, దానికేమైనా పెళ్లిచూపులా?" అన్నాడు ప్లాస్టరుతో పళ్ల అచ్చులు పోసే పెద్దాయన. అంటూనే రేడియో గొంతు తగ్గించాడు. ఆమె భుజాలు బిగుసుకున్నప్పుడల్లా అలా తగ్గిస్తాడు. ఎందుకో ఒక్కసారీ అడగలేదు.

"స్టోరు గది అడుగుతానన్నయ్యా. అందులో కూర్చుంటే చెయ్యగలను."

"అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు."

నాలుగు వాక్యాలు కంఠతా పట్టి మేనేజరు దగ్గరికి వెళ్లింది. రెండోది పూర్తికాకుండానే ఆయన నవ్వాడు.

"ప్లాస్టరు బస్తాలు తప్ప అక్కడేమున్నాయి మేడమ్? మా మీద అలిగారా?"

"అలగలేదండీ."

"పోనీ ఏమైనా జబ్బా? డాక్టరు కాగితం ఉందా?"

"నాలుగు నెలలు..."

"అది వచ్చాక చూద్దాం లెండి. అందరూ అక్కడే చేసుకుంటున్నారు కదా, మీ ఒక్కరికే ఏమిటండీ ఇబ్బంది?"

ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే అడిగాడు. ఆమె కూడా నలభయ్యేళ్లుగా తనను తాను అదే అడుగుతోంది. జవాబు తెలిస్తే అయిదు ఉద్యోగాలు ఎందుకు పోతాయి? నోరు తెరిచింది. మూడో వాక్యమూ నాలుగో వాక్యమూ ఎటు పోయాయో దొరకలేదు. ఆయన ఫోను అందుకున్నాడు.

సంచి వీధి తలుపు పక్కన కొక్కేనికే ఉంది. తీసుకుని మెట్లు దిగింది. రాజీనామా రాసే ఓపిక ఈసారి లేదు.

లోపల పెద్దాయన చొక్కా అంతా తెల్లటి దుమ్ము. ఆమె మేనేజరు దగ్గరికి వెళ్లగానే, ఆయన ఏమంటాడో కనుక్కోకుండానే, స్టోరు గదిలో బస్తాలన్నీ ఒక పక్కకు ఈడ్చాడు. ఆమె వస్తుందని సాయంత్రం దాకా గుమ్మం వైపు చూశాడు. తాళం వేసేముందు మరొక్కసారి ఆ గదిలోకి తొంగిచూశాడు. బస్తాల పక్కన, ఎదుట ఏ మనిషీ కనపడకుండా గోడ వైపుకు వేసిన ఆమె స్టూలు.