గోనెపట్టాకు పడిన చిల్లు

వరిగడ్డిని నానబెట్టాలి, ఉడకబెట్టాలి, నీళ్లు ఓడ్చి నీడలో ఆరబెట్టాలి. సంచిలో ఒక పొర గడ్డి, ఒక పొర పుట్టగొడుగుల విత్తనం వేసి మూతి బిగించాలి. సంచికి చిల్లులు పొడవాలి. గది చీకటిగా, చల్లగా ఉంచాలి. గుమ్మానికి కట్టిన గోనెను పొద్దునా సాయంత్రం తడపాలి.

ఆ చివరి పని నాతోనే. నేను ఒక గోనెపట్టాను. జనపనార మిల్లులో పుట్టి, బియ్యం మోసినన్నాళ్లూ బస్తా అనిపించుకున్నాను. తునిలో ఒక కొట్టు గోదాములో ఎలుక నా పొట్టకు చిల్లు పెట్టింది. ఆ రోజుతో బస్తా కాస్తా గోనె అయింది. పని పోయినవాళ్లకు మనుషులు ముందు పేరు మార్చేస్తారు. కాళ్లు తుడుచుకునే పట్టాగా సూరీడమ్మ ఇంటికి చేరాను. ఎవరి కాలివేలు ఆ చిల్లులో ఇరుక్కున్నా సిగ్గుతో కుంచించుకుపోయేదాన్ని.

సూరీడమ్మ కోడలు సత్యవేణి. పుట్టింట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. పుట్టగొడుగుల శిక్షణకు వెళ్లొచ్చి పెరటి గది అడిగింది. అత్త ఇచ్చింది గాని, నోరు ఊరుకోలేదు.

"డిగ్రీ సదివి కుక్కగొడుగులు పెంచుతావటే? పెంచు. ఈ కాపు పోయిందా, గది అద్దెకిచ్చేత్తాను."

సత్యవేణి నా కుట్లు విప్పి గుమ్మానికి కట్టింది. మొదట ఒక సంచికి పచ్చబూజు పట్టింది. గడ్డి సరిగా ఆరలేదు, పిడికిట్లో పిండితే నీళ్లు కారాయి. దాన్ని దూరంగా పూడ్చి, చేతులు కడుక్కున్నాకే మిగతావి ముట్టుకుంది. అత్త చూడలేదు కదా అని ఊపిరి పీల్చుకుంది. కొన్నాళ్లకు సంచుల చిల్లుల్లోంచి తెల్లటి మొగ్గలు తొంగిచూశాయి. అవి చూసుకున్న ధైర్యంతో, తడపడం అత్తకు అప్పగించి పుట్టింటికి వెళ్లింది.

పక్కింటి లోవలక్ష్మి నన్ను తప్పించి లోపలికి చూసింది.

"ఏటి పిన్నీ, మీ కోడలు సంచులకి ముత్యాలు కాయించేసింది."

"ఏం ముత్యాల్లే, కుక్కగొడుగులు," అంది సూరీడమ్మ.

లోవలక్ష్మి గడప దాటగానే సూరీడమ్మ ఉప్పు దిగదుడిచి, నాకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. అంతటితో ఆగలేదు. తన పాత చీర తెచ్చి గది కిటికీలో కుక్కింది. నా అంచులు కదలకుండా ఇటుకలు పెట్టింది. నీళ్లు మాత్రం మానలేదు.

సత్యవేణి తిరిగొచ్చేసరికి కాడలు సన్నగా సాగిపోయి, తలలు మినపగింజలంత మిగిలాయి. నీళ్లు ఎక్కువయ్యాయా, విత్తనం పాతదా అని సంచి సంచీ తడిమింది. తర్వాత గుమ్మంలో తల వంచుకుని నిలబడింది.

"నేనే ఏదో చెడగొట్టాను అత్తయ్యా. గది అద్దెకిచ్చేసుకోండి."

కోడలి చూపు నా పక్క సంచి మీద పడింది. నా చిల్లుకు ఎదురుగా ఉన్న ఒక్క గుత్తి మాత్రం అరచేయంత విచ్చుకుని ఉంది. ఆమె చిల్లులో వేలు పెట్టింది, బయటి గాలి తగిలింది. గిరుక్కున కిటికీ వైపు తిరిగింది. కుక్కినదాన్ని లాగితే అత్త చీర అంచు చేతికొచ్చింది.

"కిటికీ మీరు మూశారా అత్తయ్యా?"

"దిష్టి తగులుద్దని. ఆ లోవలక్ష్మి కళ్లు మంచివి కావు."

"కుక్కగొడుగులకి కూడా దిష్టి తగులుద్దా అత్తయ్యా?"

సూరీడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వెనక్కి వచ్చి నిలబడింది. మొహం దాచుకోవడానికి ఆవిడకు అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను.

ఆ కాడలు కోసేసి, కిటికీకి దోమతెర కట్టారు. రెండో కాపు విచ్చుకుని వచ్చింది. గది అద్దె మాట మళ్లీ రాలేదు. ఒకరోజు సత్యవేణి సూదీ దారం తెచ్చి నా చిల్లు కుట్టబోయింది.

"ఉండనీయే, గాలాడుద్ది," అంది సూరీడమ్మ, మొహం పక్కకు తిప్పుకుని.

ఇప్పుడు నార చివికిపోయి, వాడేసిన గడ్డితో పాటు ఎరువుగుంటలో ఉన్నాను. చిల్లు ఎక్కడుందో నాకే తెలియదు. మీ సంచుల్లో కాడలు సాగి తలలు చిన్నవైతే కిటికీ తెరవండి. తెరిచేటప్పుడు సూరీడమ్మను ఒకసారి తలచుకోండి. కోడలిని మెచ్చుకోవడానికి సిగ్గుపడి, తన చీరతో కిటికీ మూసిన మనిషి ఆవిడ.